తూర్పుకు లాగుతోందా, చుట్టూ లాగుతోందా?

మీ ఇంట్లో ఉన్న వంటగ్యాసు సిలిండరును ఒకసారి పరీక్షగా చూడండి. దాన్ని కదిలించనక్కర లేదు. పక్కన కూర్చుని చూస్తే చాలు. ఎర్ర రంగు కింద, సరిగ్గా నడుము దగ్గర, చుట్టూ తిరిగి వచ్చే సన్నని గట్టు ఒకటి కనిపిస్తుంది. వేలితో తడిమితే ఇంకా బాగా తెలుస్తుంది. అది అతుకు. లోతైన ఉక్కు గిన్నెలు రెండింటిని మూతికి మూతి ఆనించి, చుట్టూ వెల్డింగు చేస్తే ఈ సిలిండరు తయారయింది.

ఇప్పుడు పైనుంచి కిందికి, నిలువుగా, అలాంటి అతుకు ఉందేమో వెదకండి. మీకు దొరకదు. ఉక్కు రేకును చాపలా చుట్టి, అంచులు రెండూ నిలువునా అతికి, పైనా కిందా మూతలు బిగిస్తే సరిపోయేది కదా! అలా ఎందుకు చేయలేదు?

ఈ ప్రశ్నకు జవాబు పొలంలో దొరుకుతుంది. మోటారుకు తగిలించిన రబ్బరు పైపు పాతబడి చీలినప్పుడు ఎలా చీలుతుందో చూశారా? అడ్డంగా తెగి రెండు ముక్కలు కావడం అరుదు. చాలాసార్లు పొడవునా నోరు తెరుస్తుంది. లోపలి నీరు పైపును అన్ని వైపులకూ ఒకేలా నెడుతుందని పాస్కల్ నియమంలో చదువుకున్నారు. నెట్టడం అన్ని వైపులా సమానమే. కాని పైపు గోడ తట్టుకోవలసిన లాగుడు అన్ని దిక్కులా సమానం కాదు.

లెక్క చేసి చూద్దాం. మన సిలిండరుకు దగ్గరగా ఉండే కొలతలు తీసుకుందాం. వ్యాసార్థం 15 సెంటీమీటర్లు, గోడ మందం 0.3 సెంటీమీటరు. లోపల పీడనం ప్రతి చదరపు సెంటీమీటరు మీద 10 కిలోల బరువుకు సమానం అనుకుందాం. (నిజమైన సిలిండరులో ఈ పీడనం వేడిని బట్టి మారుతుంది. మనకు సులువుగా ఉండేందుకు 10 అనుకుంటున్నాం.)

సిలిండరులో నుంచి ఒక సెంటీమీటరు ఎత్తున్న ఉంగరాన్ని కోసినట్టు ఊహించండి. ఆ ఉంగరాన్ని నిలువుగా రెండు అర్ధచంద్రాలుగా చీల్చారు. ఈ రెండింటిని విడదీయాలని పీడనం ఎంత బలంతో నెడుతోంది? వ్యాసం 30, ఎత్తు 1, పీడనం 10. మూడింటి లబ్ధం 300 కిలోలు. దాన్ని ఆపుతున్నది ఏమిటి? ఉంగరానికి రెండు కొసల దగ్గరా ఉన్న గోడ. ఒక్కొక్కటి 0.3 చదరపు సెంటీమీటరు. రెండూ కలిసి 0.6. 300ను 0.6తో భాగిస్తే 500. అంటే గోడలో ప్రతి చదరపు సెంటీమీటరు 500 కిలోల లాగుడును భరిస్తోంది.

ఇక సిలిండరును నడుము దగ్గర అడ్డంగా కోసినట్టు ఊహించండి. పై సగాన్ని పైకి నెట్టే బలం వృత్త వైశాల్యం మీద పనిచేస్తుంది. 15 వర్గాన్ని పైతో గుణిస్తే సుమారు 707 చదరపు సెంటీమీటర్లు. 10 చొప్పున 7,070 కిలోలు. ఆపేది చుట్టూ ఉన్న గోడ అంతా. చుట్టుకొలత 94.2, మందం 0.3. కనుక 28.3 చదరపు సెంటీమీటర్లు. భాగిస్తే 250.

చూశారా! ఒకటి 500, ఇంకొకటి సరిగ్గా అందులో సగం. గోడను చుట్టూ లాగే లాగుడు నిలువునా లాగే లాగుడుకు రెండింతలు. వ్యాసార్థం, మందం, పీడనం ఎంత మార్చినా ఈ రెండింతలు మారదు. (గోడ పలుచగా ఉండాలి, అంతే.) అందుకే మన సిలిండరుకు అతుకు నడుము చుట్టూ వేశారు. ఆ అతుకును విప్పాలని చూసేది చిన్న లాగుడు. నిలువు అతుకు ఉండి ఉంటే పెద్ద లాగుడు దాని మీద పడేది. నిలువు అతుకులు అసలు వేయకూడదని కాదు. పాతకాలపు ఆవిరి బాయిలర్లకు అవి తప్పేవి కావు. అయితే వాటికి చుట్టు అతుకులకన్నా నిలువు అతుకులలో ఎక్కువ వరసల రివెట్లు కొట్టేవారు. ఇది మన రైతులకు కొత్త సంగతి కాదు. ధాన్యం పురి కట్టేటప్పుడు గడ్డి వెంటిని చుట్టూ చుడతారే గాని పైనుంచి కిందికి కట్టరు.

ఒక చదరపు సెంటీమీటరు భరించే ఈ బలాన్ని ప్రతిబలం అంటారు. దానికి ఒక విచిత్ర లక్షణం ఉంది. సిలిండరు గోడ మీద ఒక చుక్క పెట్టి "ఇక్కడ ఉష్ణోగ్రత ఎంత?" అని అడిగితే, "32 డిగ్రీలు" అని చెప్పి ఊరుకోవచ్చు. అదే చుక్క దగ్గర "ప్రతిబలం ఎంత?" అని అడిగితే జవాబు చెప్పలేము. "ఏ దిక్కున?" అని ఎదురు ప్రశ్న వేయాలి. చుట్టూ అయితే 500, నిలువునా అయితే 250. చుక్క ఒకటే, జవాబులు రెండు. ఏటవాలుగా అడిగితే ఇంకో జవాబు.

ముక్కలు చేసి లెక్కించడం

నున్నని గొట్టానికి పైన చేసిన లెక్క చాలు. కాని అసలు సిలిండరు నున్నని గొట్టం కాదు. పైన గుమ్మటం, గుమ్మటానికి కన్నం, కన్నంలో వాల్వు, కింద నిలబెట్టే పట్టీ. కన్నాల దగ్గరా, వంపు మారే చోటా ప్రతిబలం ఎంతకు పెరుగుతుందో చెప్పడానికి ఇంత సులువైన సూత్రం లేదు.

ఆ సంగతి ప్రపంచానికి చాలా బాధాకరంగా తెలిసింది. 1952 మే 2న బ్రిటనుకు చెందిన కామెట్ అనే జెట్ విమానం ప్రయాణికులతో లండను నుంచి జొహానెస్‌బర్గ్‌కు బయలుదేరింది. జెట్ విమానంలో ప్రయాణికుల సర్వీసు ప్రపంచంలో అదే మొదటిది. ఎత్తుగా ఎగురుతుంది కనుక లోపలి గాలిని పీడనంతో నింపి ఉంచాలి. అంటే విమానం ఒళ్ళు కూడా మన సిలిండరు లాంటిదే. 1954 జనవరి 10న ఒక కామెట్ ఎల్బా దీవి దగ్గర గాలిలోనే ముక్కలై సముద్రంలో పడింది. 35 మంది చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్ 8న ఇంకొకటి నేపుల్స్ దగ్గర అలాగే పడిపోయి 21 మంది చనిపోయారు. కారణం తెలుసుకోవడానికి ఇంకో కామెట్ ఒంటిని ఫార్న్‌బరో పరిశోధన కేంద్రంలో పెద్ద నీళ్ళ తొట్టిలో ముంచి, లోపల పీడనం ఎక్కిస్తూ దించుతూ పోయారు. అంతకుముందు నిజంగా ఎగిరినవి 1,221 సార్లు, తొట్టిలో 1,836 సార్లు. మొత్తం 3,057వ సారికి గోడ చీలిపోయింది. చీలిక ఒంట్లో కోసిన ఒక ద్వారం మూల దగ్గర మొదలయింది. అలాంటి మూలల దగ్గర ప్రతిబలం రూపకర్తలు వేసుకున్న అంచనాకన్నా చాలా ఎక్కువగా ఉందని తేలింది. వాళ్ళు అజాగ్రత్తపరులు కారు. గోడ మొత్తానికి సగటు తెలిసింది గాని చుక్క చుక్కకూ లెక్క తెలుసుకునే సాధనం అప్పటికి వాళ్ళ చేతిలో లేదు.

ఆ సాధనం సరిగ్గా ఆ రోజుల్లోనే రూపు దిద్దుకుంటోంది. దాని పేరు పరిమిత మూలక పద్ధతి. ఇంజనీర్లు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటారు. మూలసూత్రం మీకు తెలిసినదే. వృత్తం చుట్టుకొలత తిన్నగా కొలవలేక ఆర్కిమిడీస్ 96 భుజాల బహుభుజిని తీసుకుని పై విలువకు హద్దులు కనుక్కున్నాడు. వంకరగా ఉన్నదాన్ని చిన్న చిన్న తిన్నని ముక్కలుగా భావించడం అన్నమాట. అలాగే ఒక వస్తువును వేల త్రిభుజాలుగా, చతుర్భుజాలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్క ఎంత బలానికి ఎంత సాగుతుందో సులువైన సమీకరణంగా రాస్తారు. పక్కపక్క ముక్కలు మూలల దగ్గర విడిపోకూడదు. ఈ షరతుతో అన్ని సమీకరణాలనూ ఒకేసారి సాధిస్తారు. మూలకు మూడేసి, ఆరేసి తెలియని రాశులు ఉంటాయి కనుక లక్షల సమీకరణాలవుతాయి. మనుషులవల్ల కాదు, కంప్యూటరు కావాలి.

త్రిభుజాలతో లెక్కించవచ్చునని రిచర్డ్ కూరంట్ అనే గణిత శాస్త్రజ్ఞుడు 1943లోనే రాశాడు. కంప్యూటర్లు లేని కాలం కనుక దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. విమానాల రెక్కల కోసం టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనే నలుగురు 1956లో ప్రచురించిన వ్యాసంతో అది ఇంజనీర్ల పద్ధతి అయింది. 1960లో రే క్లఫ్ దానికి ఇప్పటి పేరు పెట్టాడు. ఈనాడు వంతెనలూ, అణు రియాక్టర్లూ, తుంటి ఎముకకు బదులు పెట్టే లోహపు కీళ్ళూ దీనితోనే పరీక్షకు నిలుస్తున్నాయి. తిరువనంతపురంలోని విక్రం సారాభాయి అంతరిక్ష కేంద్రం ఫీస్ట్ అనే పేరుతో ఈ పని చేసే సాఫ్ట్‌వేరును సొంతంగా తయారు చేసుకుంది.

కంప్యూటరు లెక్క చేసి, వస్తువు బొమ్మకు రంగులు వేసి చూపిస్తుంది. ప్రతిబలం ఎక్కువ ఉన్న చోట ఎరుపు, తక్కువ ఉన్న చోట నీలం. చూడటానికి చాలా బాగుంటుంది. ప్రమాదం అక్కడే ఉంది.

గుడి చుట్టూ ప్రదక్షిణం

కంప్యూటరుకు మన సిలిండరు కొలతలు ఇచ్చాం. నేల మీద తూర్పు ఎక్స్ అక్షం, ఉత్తరం వై అక్షం, పైకి జెడ్ అక్షం. లెక్క అయ్యాక "ఎక్స్ దిక్కున ప్రతిబలం చూపించు" అన్నాం. బొమ్మ వచ్చింది. సిలిండరుకు ఉత్తరం వైపు, దక్షిణం వైపు ఎర్రగా ఉంది. తూర్పు, పడమర వైపులు నీలంగా ఉన్నాయి. మధ్యలో ఆకుపచ్చ, పసుపు.

ఇది ఎలా సాధ్యం? సిలిండరు చుట్టూ ఒకేలా ఉంది. లోపలి పీడనం ఒకేలా ఉంది. దాన్ని గిర్రున తిప్పి పెట్టినా ఏ తేడా తెలియదు. అలాంటప్పుడు ఉత్తరం వైపు గోడ ఎక్కువ కష్టపడి, తూర్పు వైపు గోడ తీరిగ్గా ఉంటుందా? ఉండదు. అలాగని కంప్యూటరు తప్పు చేసిందా? అదీ కాదు. మనం అడిగినదానికి అది సరైన జవాబే చెప్పింది. మనం అడిగిన ప్రశ్నే మనకు కావలసినది కాదు.

గుడి చుట్టూ ప్రదక్షిణం చేసే మనిషిని తలచుకోండి. తూర్పున ధ్వజస్తంభం దగ్గర బయలుదేరినప్పుడు అతని ముఖం దక్షిణానికి ఉంటుంది. దక్షిణపు గోడ పక్కన నడిచేటప్పుడు ముఖం పడమటికి. పడమటి వైపు చేరితే ఉత్తరానికి. ఉత్తరం వైపుకు వచ్చాక తూర్పుకు. అతన్ని అడిగితే "నేను తిన్నగా ముందుకే నడుస్తున్నాను, దేవుడు ఎప్పుడూ నా కుడిచేతి వైపే ఉన్నాడు" అంటాడు. దిక్సూచి పట్టుకుని గోపురం మీద నిలబడ్డవాడు మాత్రం "వీడు క్షణానికో దిక్కుకు పోతున్నాడు" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

సిలిండరు గోడలోని లాగుడు ప్రదక్షిణం చేసే మనిషి లాంటిది. ఉత్తరపు వైపున గోడ తూర్పు పడమరలుగా సాగి ఉంటుంది. కనుక అక్కడ "తూర్పు దిక్కు ప్రతిబలం" అంటే చుట్టూ లాగే ప్రతిబలమే. పూర్తిగా 500 వస్తుంది. తూర్పు వైపున గోడ ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. అక్కడ తూర్పు దిక్కు అంటే గోడ మందానికి అడ్డంగా, లోపలి నుంచి బయటికి. ఆ దిక్కున గోడను లాగేదేమీ లేదు. బయటి ముఖం మీద ప్రతిబలం సున్న. మరి మధ్యలో? తూర్పు బిందువు నుంచి 30 డిగ్రీలు జరిగితే 125. 45 డిగ్రీల దగ్గర 250. 60 డిగ్రీల దగ్గర 375. 90కి 500.

ఇప్పుడు ఒక తొందరపాటు ఇంజనీరును ఊహించండి. అతను వాడే ఉక్కును 400 దాకా లాగవచ్చని నియమం ఉంది. వాల్వు గొట్టమో మరొకటో తూర్పు నుంచి 30 డిగ్రీల దగ్గర అతకాలి. బొమ్మలో అక్కడ నీలం రంగు, 125. "ఇక్కడ బోలెడు వెసులుబాటు ఉంది" అనుకుని కన్నం కొట్టమంటాడు. నిజానికి అక్కడ గోడ 500 భరిస్తోంది. హద్దు ఎప్పుడో దాటింది. అతను చదివిన సంఖ్యలో ఒక్క అంకె కూడా తప్పు లేదు!

మీలో చురుకైనవారికి ఈపాటికి ఒక అనుమానం వచ్చి ఉంటుంది. 45 డిగ్రీల దగ్గర సగం ఎలా అయింది? బలాన్ని 45 డిగ్రీలకు విడదీస్తే 0.707 వంతు రావాలి కదా? మంచి ప్రశ్న. తరగతిలో ఈ లెక్క ఇస్తే బాగా చదివేవారే ఈ పొరపాటు చేస్తారు. బలం సదిశ. ప్రతిబలం ఒట్టి సదిశ కాదు. దానిలో రెండు దిక్కులు దాగి ఉన్నాయి. ఒకటి బలం దిక్కు, రెండోది ఆ బలం పనిచేసే కోత దిక్కు. ఒక అరటి దూటను తిన్నగా అడ్డంగా కోస్తే గుండ్రని చిన్న ముఖం వస్తుంది. ఏటవాలుగా కోస్తే కోలగా, పెద్ద ముఖం వస్తుంది. 45 డిగ్రీలకు కోస్తే ఆ ముఖం వైశాల్యం 1.414 రెట్లు. కనుక ఒకవైపు ఆ ముఖానికి లంబంగా ఉండే బలం 0.707 వంతుకు తగ్గింది. ఇంకోవైపు దాన్ని పంచుకునే వైశాల్యం 1.414 రెట్లు పెరిగింది. 0.707ను 1.414తో భాగించండి. సరిగ్గా 0.5. అంటే తగ్గుదల రెండుసార్లు జరుగుతుంది. అందుకే సైన్‌కు బదులు సైన్ వర్గం వస్తుంది. 30 డిగ్రీలకు సైన్ విలువ సగం, దాని వర్గం పావు. 500లో పావు 125. పైన చెప్పిన సంఖ్యలన్నీ ఇలా సరిచూసుకోవచ్చు. ఇలా రెండు దిక్కులను మోసే రాశిని గణితంలో టెన్సర్ అంటారు. ఇంటర్మీడియెట్ దాటాక దాన్ని కలుసుకుంటారు. ఇప్పటికి పేరు గుర్తుంటే చాలు.

వంపుతో పాటు తిరిగే అక్షాలు

రోగం తెలిసింది కనుక మందు కష్టం కాదు. నేలకు పాతిన అక్షాలకు బదులు గోడతో పాటు తిరిగే అక్షాలు కావాలి. ప్రతి బిందువు దగ్గరా మూడు దిక్కులు. గోడ వెంట చుట్టూ ఒకటి, గోడ వెంట నిలువునా ఒకటి, గోడకు లంబంగా బయటికి ఒకటి. వీటిని స్థూపాకార నిరూపకాలు అంటారు. కంప్యూటరుకు "ఫలితాలను ఈ అక్షాలలో చూపించు" అని చెబితే చాలు, రంగుల బొమ్మ ఒక్కసారిగా మారిపోతుంది. సిలిండరు చుట్టూ ఒకటే రంగు, 500. లోపల ప్రతిబలం ఏమీ మారలేదు. చూసే దిక్కు మారింది.

సిలిండరు కాక వంకర గొట్టం ఉంటే? గొట్టం నడిరేఖే వంగుతూ పోతుంది కనుక అక్షాలు రెండు రకాలుగా తిరగాలి. ఇంకా చిత్రమైన వంపులకు ప్రతి ముక్కకూ దాని సొంత అక్షాలు కడతారు. ముక్క తలానికి అభిలంబం ఒక అక్షం. ముక్క మొదటి మూల నుంచి రెండో మూలకు గీసిన గీత ఇంకో అక్షం. రెండింటికీ లంబంగా మూడోది.

ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. ఏ మూల మొదటిది? బొమ్మను ముక్కలు చేసిన కంప్యూటరు తనకు తోచినట్టు అంకెలు వేస్తుంది. ఒక ముక్కలో మొదటి అక్షం చుట్టూ ఉండవచ్చు, దాన్ని ఆనుకున్న పక్క ముక్కలో నిలువునా ఉండవచ్చు. "మొదటి దిక్కున ప్రతిబలం" అని అడిగితే ఒక ముక్క 500 అంటుంది, పక్కది 250 అంటుంది. రెండూ కలిసే మూల దగ్గర కంప్యూటరు సగటు తీసి 375 అని రాస్తుంది. ఈ 375 గోడను చుట్టూ లాగేదీ కాదు, నిలువునా లాగేదీ కాదు. కిలోల బియ్యాన్నీ లీటర్ల పాలనూ కలిపి సగటు తీసినట్టే. కనుక సగటు తీసే ముందు పక్కపక్క ముక్కల అక్షాలు ఒకే వైపు చూస్తున్నాయో లేదో చూసుకోవాలి. అభిలంబాలు కూడా అంతే. ఒక ముక్కకు బయటి ముఖమైనది పక్క ముక్కకు లోపలి ముఖం కాకూడదు.

పూర్వం ఈ పొరపాటు ఇంత సులువుగా జరిగేది కాదు. ప్రతిబలం తెలుసుకోవాలంటే గోడ మీద వికృతి మాపకం అనే సన్నని తీగ పట్టీని జిగురుతో అంటించేవారు. ఇప్పుడూ అంటిస్తారు. ఆ తీగ తన పొడవు దిక్కున జరిగే సాగుదలనే ప్రధానంగా కొలుస్తుంది. కనుక అంటించేవాడు చేతిలో పట్టుకున్నప్పుడే "ఏ దిక్కున పెట్టాలి?" అని ఆలోచించి తీరాలి. దిక్కు తెలియని చోట మూడు పట్టీలను మూడు దిక్కులకు అంటించేవారు. రంగుల బొమ్మ ముందు కూర్చున్నవాడిని ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఏదో ఒక దిక్కు ముందే ఎంచి పెట్టి ఉంటుంది.

ఈ దిక్కుల గొడవే లేకుండా ఒక్క సంఖ్యతో సరిపెట్టలేమా? కొంతవరకు సరిపెట్టవచ్చు. రిచర్డ్ ఫాన్ మీసెస్ 1913లో ఒక సూత్రం చెప్పాడు. మన 500, 250లను అందులో పెడితే సుమారు 433 వస్తుంది. అక్షాలను ఎటు తిప్పినా ఆ 433 మారదు. ఉక్కు లాంటి లోహం శాశ్వతంగా సాగిపోతుందా లేదా తెలుసుకోవడానికి అది చక్కగా పనికివస్తుంది. అయితే వెదురు బొంగును అడగండి! నిలువునా లాగితే అది ఎంత బరువైనా మోస్తుంది, అడ్డంగా చీల్చితే కత్తి మొనకే విచ్చుకుంటుంది. దానికి ఒక్క సంఖ్య చెబితే లాభం లేదు. అతుకు విషయమూ అంతే, పగులు విషయమూ అంతే. నిలువు పగులును నోరు తెరిపించేది దానికి అడ్డంగా, అంటే చుట్టూ లాగే లాగుడే.

2021లో ఇండియన్ ఆయిల్ సంస్థ మన దేశంలో కొత్త రకం వంటగ్యాసు సిలిండరును విడుదల చేసింది. దానిలో ఉక్కు ఉండదు. ప్లాస్టిక్ తొట్టి మీద గాజు నార చుట్టి చేస్తారు. నార తన పొడవునా లాగితేనే బలం చూపిస్తుంది, వెదురు లాగా. శ్రీహరికోట నుంచి ఎగిరే పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మూడో దశ మోటారు గొట్టం కూడా కెవ్లార్ అనే నార చుట్టి చేసినదే. ఇలాంటి వాటిలో నారను ఏ వాలున చుట్టాలి? ఒకే వాలున చుడితే, చుట్టూ భరించే వంతు సైన్ వర్గం, నిలువునా భరించే వంతు కొసైన్ వర్గం. మొదటిది రెండోదానికి రెండింతలు ఉండాలి. అంటే టాన్ వర్గం విలువ 2 కావాలి. పట్టిక తీసి చూడండి, కోణం సుమారు 54.7 డిగ్రీలు. నిలువు నుంచి కొలిచిన కోణమిది. గ్యాసు సిలిండరు అతుకు దగ్గర మనకు కనిపించిన "రెండింతలు" ఇక్కడ కోణమై కూర్చుంది. ఈ రకం గొట్టాలకు కంప్యూటరు లెక్క చేసేవారు ప్రతి ముక్కలోనూ నార దిక్కునే మొదటి అక్షంగా తీసుకుంటారు. అలా తీసుకోకపోతే వచ్చే సంఖ్యలతో నార తెగుతుందో లేదో చెప్పడం కుదరదు.

చివరగా ఒక చిక్కు. సిలిండరు పై గుమ్మటం ఎక్కండి. వాల్వు దగ్గరకు పోయేకొద్దీ చుట్టుకొలత చిన్నదవుతుంది. సరిగ్గా నడినెత్తి మీద నిలబడితే "చుట్టూ" అంటే ఎటు? ఏ దిక్కూ కాదు. మన తల మీద వెంట్రుకలను చూడండి. ఎంత బాగా దువ్వినా ఎక్కడో ఒక చోట సుడి ఉంటుంది. గోళం మీద ప్రతి చోటా, ఎక్కడా తెగకుండా ఒక దిక్కును గీసుకుంటూ పోవడం అసాధ్యమని గణితంలో నిరూపించారు. కనుక గుమ్మటం ఉన్న వస్తువుకు తిరిగే అక్షాలు కట్టేవాడికి ఎక్కడో ఒక సుడి తప్పదు. ఆ సుడి దగ్గర కంప్యూటరు చూపే చుట్టు ప్రతిబలం, నిలువు ప్రతిబలం అనే పేర్లను నమ్మకూడదు. అదృష్టం ఏమిటంటే, అర్ధగోళంలాంటి గుమ్మటానికి నడినెత్తిన అన్ని దిక్కులా లాగుడు సమానం. మన కొలతలతో 250.

ఇది మీ కళ్ళతోనే చూడాలంటే తిరునాళ్ళలో అమ్మే పొడుగు బుడగ ఒకటి తెచ్చుకోండి. ఊదక ముందే దాని నడుము మీద బాల్‌పెన్నుతో కందిగింజంత గుండ్రని సున్న గీయండి. మూసి ఉన్న కొన మీద, సరిగ్గా మొనకు, ఇంకో సున్న గీయండి. బాగా ఊది ముడి వేయండి. నడుము మీది సున్న కోలగా మారుతుంది. ఎటు ఎక్కువ సాగిందో కొలబద్దతో కొలవండి, చుట్టూనా, పొడవునా? తరవాత మొన మీది సున్నను కొలిచి రెండింటిని పోల్చండి.